ఎడమ మూలన చిన్న అక్షరాలు

ఆయన పోయారన్న కబురు నాకు రైల్లో అందింది. బ్లాక్‌టౌన్‌లో ఎక్కి కూర్చున్నానో లేదో, వాళ్లమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. "డాడీ ఈ మార్నింగ్ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. చాలా పీస్‌ఫుల్‌గా. ఫ్యూనరల్ డీటెయిల్స్ తర్వాత పంపిస్తా." అంతే ఉంది అందులో. ఏడవాల్సింది పోయి, నా చూపుడువేలు దానంతటదే ఫోను మీద పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. తేదీ ఎక్కడుంది? నంబరేది? ఏ అధికారం కింద రాశారు? అలా దిగి దిగి కింద ఎడమ మూలకు వచ్చి ఆగింది. అక్కడేమీ లేదు. ఉండదని నాకు తెలుసు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఎదురుగా కూర్చున్న తెల్లావిడ బ్యాగులోంచి టిష్యూ తీసి ఇచ్చేదాకా ఆగలేదు.

ఉత్తరాన్ని అలా చదవడం నాకు నేర్పింది ఆయనే. అయితే ఉత్తరాలంటే నాకెంత భయమో ముందు చెప్పుకోవాలి.

ఒంగోలు నుంచి మాస్టర్స్ చదవడానికి సిడ్నీ వచ్చిన కొత్త. మా ఇంటికి సర్కారు ఉత్తరం ఎప్పుడో ఏడాదికొకటి వచ్చేది, వచ్చిందంటే నాన్న మొహం మాడిపోయేది. ఇక్కడేమో వారానికి రెండు. యూని నుంచి, వీసా ఆఫీసు నుంచి, ట్యాక్సు వాళ్ల నుంచి, అన్నీ కిటికీ కవర్లే. పోస్టుబాక్సులో నా పేరు కనపడితే చాలు, ఇంక సర్దుకుని పొమ్మంటున్నారు కాబోలు, అమ్మకు ఏమని చెప్పాలి, బంధువుల్లో ఎవరెవరు నవ్వుతారు, అంతదాకా పోయేది నా ఆలోచన. కవరు మాత్రం చింపేదాన్ని కాదు.

హారిస్ పార్క్‌లో వాళ్లింట్లో అద్దెకుండేదాన్ని. ముందు గది నాకూ ఒక వరంగల్ పిల్లకూ. వెనక వైపు ఆయనా, నర్సుగా పని చేసే వాళ్లమ్మాయీ. ఆవిణ్ని ఆంటీ అనేవాళ్లం, ఎనభై దాటిన ఆయన్ని అంకుల్ అనేవాళ్లం. ఆ వరసేమిటో మాకూ తెలీదు, ఆయనకూ పట్టింపు లేదు. నరసాపురం దగ్గర పుట్టి, మిషన్ బడిలో టైపు నేర్చుకుని, ఇరవై రెండేళ్ల వయసులో ఓడెక్కి ఆఫ్రికా పోయి, అక్కడ తెల్లవాళ్లు ఏలుతున్న ఒక దేశంలో గవర్నరు సెక్రటేరియట్లో టైపిస్టుగా చేరారట. ఆ దేశం పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. 'కాలనీ' అనేవారు, అంతే.

ఉద్యోగం పోయి నలభై ఏళ్లవుతున్నా, ఉదయం ఎనిమిదయ్యేసరికి నున్నగా గడ్డం గీసుకుని, పొడుగు చేతుల చొక్కా బొత్తాలు మణికట్టు దాకా పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర ఆఫీసుకొచ్చినట్టు కూర్చునేవారు. ఎదురుగా రెండు ట్రేలు. ట్రేలంటే ట్రేలు కావు, మిఠాయి డబ్బాల మూతలు. ఎడమ దాంట్లో ఇంటికొచ్చిన కాగితాలు, కుడి దాంట్లో పని అయిపోయినవి. మాతో ఏదన్నా చెప్పాలంటే నోటితో చెప్పేవారు కాదు. అరఠావు కాగితం మీద రాసి తలుపు కింద నుంచి తోసేవారు. "విషయం: పాల సీసా మూత. నిన్న సాయంత్రం పై వస్తువు సరిగా బిగించబడలేదని గమనించడమైనది." ఇదీ ఆయన ధోరణి.

"ఈయన రిఫరెన్స్ నంబర్ లేకుంటే తుమ్ముడు కూడ తుమ్మడు!" అనేది వరంగల్ పిల్ల. అలా ఆయన మాకు రిఫరెన్స్ అంకుల్ అయ్యారు. ఎదురుగా కాదు లెండి.

ఇంకోటి, బి.యు. వాళ్ల ఆఫీసులో ఏ కాగితాన్నయినా మళ్లీ చూడాల్సి ఉంటే మూలన బి.యు. అని రాసి తేదీ వేసేవారట. 'బ్రింగ్ అప్' అని. ఆ తేదీ నాటికి ఆ కాగితం మళ్లీ బల్ల మీదికి వచ్చి తీరాలి, మర్చిపోయానంటే కుదరదు. ఆయన దాన్ని ఇంటికంతటికీ పట్టించారు. బియ్యం బస్తాకు బి.యు., గ్యాసు మీటరుకు బి.యు. వరంగల్ పిల్లకు జ్ఞానదంతం నొప్పి చేస్తే దానికీ ఒక చీటీ రాసి, సరిగ్గా పదిహేను రోజులకు తలుపు తట్టి, "అమ్మాయ్, పన్ను సంగతి ఎందాకా వచ్చింది?" అని అడిగారు. ఆ పిల్ల అప్పటికి పీకించేసుకుంది. ఆయన తృప్తిగా తలూపి, చీటీ తీసుకెళ్లి కుడి ట్రేలో వేశారు.

అలాంటి రోజుల్లో వీసా ఆఫీసు నుంచి నాకో కవరు వచ్చింది. మూడు రోజులు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పడుకోవడమేంటి నా మొహం, పొర్లాను. నాలుగో రోజు పొద్దున టీ కలుపుకుంటుంటే బల్ల దగ్గర్నుంచి పిలిచారు.

"అమ్మాయ్, ఇలా రా. మొన్నట్నించీ అన్నం సయించట్లేదంటగా?"

"ఏం లేదంకుల్."

"ఏమీ లేకపోతే టీలో ఉప్పేస్తున్నావేంటి?"

చూసుకుంటే నిజమే. ఇంక దాచలేక కవరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని, కవరు అంచుల వెంట చాకుతో కోసి, కాగితాన్ని బల్ల మీద పరిచారు. చూపుడువేలు పైన పెట్టారు.

"ముందు తేదీ. ఇది వారం కిందటిది. తర్వాత నంబరు. ఉంది. ఆ తర్వాత ఏ అధికారం కింద రాశాడో చూడాలి. ఫలానా చట్టం, ఫలానా సెక్షను. విషయానికేముందమ్మాయ్, ఎవడైనా రాస్తాడు. రాయడానికి నీకేం అధికారముందిరా అని అడగాలి ముందు."

"అంకుల్, విషయం ఏందో చెప్పండి. ప్రాణం పోతా ఉంది నాకు."

"నీ కొత్త అడ్రసు రాసుకున్నాడంట. తెలియజేసినందుకు థాంక్స్ కూడా చెప్పాడు."

మూడు రోజుల నిద్ర! ఆయన నవ్వలేదు. వేలు ఇంకా దిగుతూ కాగితం అడుగున ఎడమ మూలకు వెళ్లి, అక్కడ కాసేపు నిలబడింది. "ఇక్కడేమీ లేదు చూశావా? ఈ రోజుల్లో ఉత్తరాల్ని ఎవరూ టైపు కొట్టరు. వాటంతటవే పుడతాయి" అన్నారు.

ఆ మూల సంగతి అప్పుడే చెప్పారు. కాలనీలో ప్రతి ఉత్తరం కిందా ఆ చోట పొడి అక్షరాలుండేవట. పెద్ద అక్షరాల్లో సంతకం పెట్టిన దొరవి, పక్కన గీత, గీత అవతల చిన్న అక్షరాల్లో టైపు కొట్టినవాడివి. ఉత్తరంలో తప్పు దొర్లితే ఎవణ్ని పిలవాలో తెలియాలిగా మరి. "సంతకం ఎవరైనా చూస్తారు. నేను ఇరవై రెండేళ్లు ఆ మూలన బతికానమ్మాయ్" అన్నారు. నేను సరదా మాటేననుకుని నవ్వాను.

ఆ తర్వాత నెలకో ఎప్పుడో నాకు యూని లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది. బేస్‌మెంట్లో పాత పుస్తకాలు తీసివ్వడం, తెచ్చినవి సర్దడం. ఆ కబురు చెబుదామని ఉత్సాహంగా వంటింట్లోకి వెళ్లాను. ఆయన టీ తాగుతున్నారు.

"ఎలాంటి పుస్తకాలు?" అన్నారు.

"ఎవరూ అడగనివన్నీ అక్కడే అంకుల్. బూజు పట్టిన రిపోర్టులు, ఏ దేశాలవో పాత గెజిట్లు..."

కప్పు పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది. "గెజిట్లా? కాలనీలవి కూడానా?"

"ఏమో అంకుల్, చూడాల."

ఆయన కప్పు బల్ల మీదే వదిలేసి గదిలోకి వెళ్లిపోయారు. తాగిన కప్పు కడక్కుండా ఆయన లేచివెళ్లడం ఆ ఇంట్లో నేను చూడటం అదే మొదటిసారి. వారం తర్వాత తలుపు కింద నుంచి చీటీ వచ్చింది. "విషయం: గెజిట్. తీరిక చూసుకుని నాతో మాట్లాడగలరు. బి.యు. శుక్రవారం." ఎప్పుడూ 'నువ్వు' అనే మనిషి 'గలరు' అన్నందుకే నాకు కంగారు పట్టుకుంది.

శుక్రవారం నాకు క్లాసులు లేవు. ఆంటీ డ్యూటీకి వెళ్లింది. ఆయన నన్ను కూర్చోమని, ఎదురుగా కూర్చుని, రెండు ట్రేలూ పక్కకు జరిపి మొదలుపెట్టారు.

ఆయనతో పాటు అదే ఓడలో పాలకొల్లు నుంచి ఇంకొకాయన వెళ్లాడట. పబ్లిక్ వర్క్స్‌లో స్టోర్‌కీపరు. ఇద్దరిదీ ఒకటే వయసు. "పాలకొల్లోడు" అనేవారు ఈయన. ఆదివారం చర్చి అయ్యాక భోజనం వాళ్లింట్లో. పాలకొల్లాయన పాటల్లో ఎప్పుడూ ఒక లైను ముందుండేవాడట, తను ముందు పాడేసి మిగతావాళ్లు వచ్చేదాకా నిలబడి ఎదురు చూసేవాడట. అది చెబుతూ అంకుల్ ఒక్కసారి నవ్వారు. ఆ పూటకు అదే నవ్వు.

"స్వాతంత్ర్యం ఇచ్చేస్తున్నారు. దొరలు సర్దుకుంటున్నారు. మధ్యలో మేం. దేశం వాళ్లది, కుర్చీలు వాళ్లకు కావాలి. అది న్యాయమే, నేను కాదనను. కానీ మనిషిని కుర్చీలోంచి లేపాలంటే ఒక అధికారం ఉండాలా? గవర్నరైనా సరే. మామూలుగా యాభై అయిదుకి రిటైర్మెంటు. యాభై నిండినవాణ్ని మాత్రం గవర్నరు ముందుగానే పంపించొచ్చని ఒక రూలుంది. ఆ రూలు నంబరు వేసే ఉత్తరాలన్నీ కొట్టేవాణ్ని. రోజుకి ఆరు, ఏడు. ఒకరోజు డ్రాఫ్టు తిరగేస్తే వాడి పేరుంది."

"పాలకొల్లాయనదా?"

"ఆయ్. ఉత్తరం తేదీ ఆ నెల తొమ్మిది. వాడికి నలభై నాలుగు. నాకు తెలియదూ? నాకూ నలభై నాలుగే. యాభై నిండనివాడికి ఆ రూలు ఎలా వర్తిస్తుంది? వేళ్లు ఆగిపోయాయి. లేచి వెళ్లి దొరతో ఒక్క మాట అనొచ్చు. అనలేదు. టైపిస్టుకి డ్రాఫ్టు తప్పా ఒప్పా అనేది అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. కొట్టాను. కింద నా అక్షరాలు వేశాను."

రెండు రోజులకు పాలకొల్లాయన ఆ ఉత్తరం పట్టుకుని ఈయన బల్ల దగ్గరికి వచ్చాడట. పైన సర్కారు ముద్ర గానీ సంతకం గానీ చూపించలేదు. ఎడమ మూలన వేలు పెట్టి, "ఇది నువ్వేనేంట్రా?" అన్నాడట.

"ఏమన్నారంకుల్?"

"డ్రాఫ్టు ప్రకారం కొట్టాన్రా, అన్నాను."

ఆ నెలాఖరుకే పాలకొల్లాయన భార్యాపిల్లలతో ఓడెక్కేశాడు. ఆ మరుసటేడు ఈయనకూ అలాంటి ఉత్తరమే వచ్చింది. దాని మూలన ఉన్నవి ఈయన దగ్గర టైపు నేర్చుకున్న ఆ దేశపు అమ్మాయి అక్షరాలు. "ఒక్క తప్పు లేకుండా కొట్టింది. బాగా నేర్పాను" అన్నారు.

ఆయనకు నా దగ్గర కావలసింది ఇదీ. పాలకొల్లాయన ఉత్తరం వెళ్లిన కొన్నాళ్లకు, ఆ నెల పధ్నాలుగున, అదే రూలును మారుస్తూ గెజిట్ వచ్చింది. 'యాభై నిండిన' అన్న మాటలు తీసేశారు. ఏ వయసువాణ్నయినా పంపొచ్చు. అయితే అచ్చయిన తేదీ వేరు, అమలు తేదీ వేరు. వెనక తేదీ నుంచి అమలైనట్టే అని కొన్నిట్లో రాస్తారు. అలా రాశారా లేదా? మార్పు సంగతి ఆఫీసులో అందరూ అనుకుంటుంటే విన్నారట. ఆ గెజిట్ ఆయన బల్ల మీదికే వచ్చింది. చదవలేక, మడత విప్పకుండా, ఇంకో ట్రేలోకి తోసేశారు.

"తొమ్మిదో తేదీ నాటికి ఆ ఉత్తరానికి అధికారం ఉందా, లేదా? అది తెలియాలి తల్లీ. నలభై ఏళ్లుగా ఈ కాగితం నా ట్రేలోంచి కదలట్లేదు."

ఆ దేశం పేరూ ఏడాదీ నోటితో అనకుండా కాగితం మీద రాసిచ్చారు. చూస్తానన్నాను. ఎందుకన్నానా అని ఆ క్షణం నుంచే మొదలైంది నాకు. పిలవని పేరంటంలా ఈ గోల నా నెత్తినెందుకు? కంప్యూటర్లో వెతికితే ఆ దేశం గెజిట్లు ఉన్నాయి గానీ, బేస్‌మెంట్లో లేవు, ఊరవతల గోడౌన్లో ఉన్నాయి. తెప్పించడానికి రెండు వారాలు. తీరా వస్తే తర్వాతి ఏడాదిది పంపారు. మళ్లీ రెండు వారాలు. ఈ నెల రోజులూ ఆయన నోరు తెరిచి ఒక్కమాట అడగలేదు. శుక్రవారం సాయంత్రం నేను ఇంట్లోకి రాగానే బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూసేవారు. నేను లేదన్నట్టు తలూపితే, చీటీ మీద పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసుకునేవారు. అలా కొట్టివేతలు నాలుగయ్యాయి. మనిషి చిక్కిపోయారు. ఒకరోజు గడ్డం గీసుకోకుండా వచ్చి కూర్చున్నారు.

ఆంటీ నన్ను బట్టలు ఆరేసుకునే చోట పట్టుకుంది. "ఏంటమ్మా, ఇద్దరూ కలిసి ఏం చేస్తున్నారు? డాడీ బీపీ చూశావా? నేను షిఫ్టులు మానుకుని ఇంట్లో కూర్చోలేను. ఆ పాత గొడవలేవో కదపొద్దు, ప్లీజ్."

"నేనేం కదపలేదాంటీ, ఆయనే..."

"ఆయనకి ఎనభై నాలుగు. నీకు తెలియాలి కదా."

నిజమే, రేపు ఆ పుస్తకంలో అధికారం లేదని తేలితే? ఆ మాట నా నోటితోనే చెప్పాలి. చెప్పగానే ఆయన గుండె పట్టుకుని కూలబడితే? పరాయి దేశంలో నా వీసాకే దిక్కు లేదు, పైగా ఒక మనిషి ప్రాణం. పుస్తకం దొరకలేదని చెప్పేద్దామా అనుకున్నాను. అబద్ధం చెప్పి ఆయన మొహం చూడగలనా అని మళ్లీ అనుకున్నాను. మంచం మీద ఇటు దొర్లితే లేదని, అటు దొర్లితే ఉందని. వరంగల్ పిల్ల లేచి, "నువ్వు పండుకో, లేదంటే నన్నన్న పండనియ్యి" అని దుప్పటి ముసుగేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం పుస్తకం వచ్చింది. నల్ల అట్ట, అంచులు పొట్టు రాలుతున్నాయి. దాన్ని తోపుడుబండి మీద పెట్టుకుని గంటసేపు బేస్‌మెంటంతా తిరిగాను. సర్దాల్సినవన్నీ సర్దాను, సర్దక్కర్లేనివి కూడా సర్దాను. ఇంకేమీ మిగల్లేదు. కింద కూర్చుని, ప్రభువా అనుకుని తెరిచాను. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి. ఆ పూట మాత్రం ఆయన దేవుణ్నే పిలిచాను.

వేలు పెట్టి చదివాను. అచ్చయిన తేదీ పధ్నాలుగు. నంబరుంది. ఏ అధికారం కింద చేశారో ఉంది. ఆ కిందే ఉంది, ఈ మార్పు ఇదే నెల ఒకటవ తేదీ నుంచి అమలులోకి వచ్చినట్లు ఎంచవలెను అని. ఒకటి. ఉత్తరం తొమ్మిది. మళ్లీ చదివాను. మూడోసారి చదివాను. ఉంది! తొమ్మిదో తేదీకి అధికారం ఉంది. ఆయన తప్పేమీ లేదు. ఆ బేస్‌మెంట్లో ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టాను.

జిరాక్సు తీసుకుని పరుగు. స్టేషన్ దగ్గర మిఠాయి కొట్లో మైసూర్‌పాక్ కూడా కట్టించుకున్నాను. ఇంటికి రాగానే రొప్పుతూ కాగితం ఆయన ముందు పరిచాను.

"ఉందంకుల్! అధికారం ఉంది! ఒకటో తేదీ నుంచే. మీ తప్పేం లేదు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని వేలు పెట్టి చదివారు. తేదీ దగ్గర ఆగారు, నంబరు దగ్గర ఆగారు. 'ఒకటవ తేదీ' దగ్గర చాలాసేపు ఆగారు. ప్రభువుకు స్తోత్రం అంటారని, నా తల మీద చెయ్యి పెడతారని నేను చూస్తున్నాను. మైసూర్‌పాక్ పొట్లం విప్పి సిద్ధంగా పట్టుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే ఉత్తరం సరైనదే."

"అవునంకుల్. నూటికి నూరుపాళ్లు."

"నీకు ఒక మాట చెప్పలేదు తల్లీ. ఆ రోజు వాడు వచ్చి మూలన వేలు పెట్టి అడిగాడని చెప్పాను కదా. డ్రాఫ్టు ప్రకారం కొట్టానన్నాను. దాని తర్వాత వాడు ఇంకోటి అడిగాడు. 'నీకు రూల్సన్నీ తెలుసు కదరా, దీని మీద అర్జీ పెట్టుకోడానికి ఏమైనా ఉందా?' అన్నాడు."

నా చేతిలో పొట్లం అలాగే ఉంది.

"ఏమీ లేదు, అన్నాను. పధ్నాలుగో తేదీ ఇంకా రాలేదు. ఈ కాగితం నాకు తెలీదు. నాకు తెలిసిన రూలు ప్రకారం ఒక్క అర్జీ పెడితే ఆ ఉత్తరం ఆగిపోతుంది. అది తెలిసే, వాడి మొహం చూస్తూ, ఏమీ లేదురా అన్నాను. చెప్పానని తెలిస్తే నన్ను ఆ పూటే బయటికి గెంటుతారు. ఇంట్లో మా ఆవిడకి నెలలు. భయం. వాడు నా మాట నమ్మి, సరేలే అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు."

"కానీ అంకుల్, నిజంగానే ఏమీ లేదు కదా. అర్జీ పెట్టినా గెలిచేవాడు కాదు. మీరు చెప్పింది నిజమే అయింది."

"అది గవర్నరు అదృష్టం. నేను చెప్పింది అబద్ధమే. ఇన్నేళ్లూ, ఆ ఉత్తరం చెల్లకపోతే సర్కారుదీ తప్పు, నాదీ తప్పు, చెరి సగం అనుకుంటూ వచ్చాను. ఇవాళ్టితో సర్కారు బయటపడింది. మిగిలింది నేనొక్కణ్నే."

పరుగెత్తి పరుగెత్తి ఎంత మంచి పని చేశానో అనుకున్నాను. ఆయనకున్న ఆ సగం నీడ కూడా నా చేతులతో నేనే తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. ఏడుపొచ్చేసింది. ఆయన నా చేతిలోంచి పొట్లం తీసుకుని, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, "ఏడవకు. బాగుంది. నెయ్యి బాగానే పోశాడు" అన్నారు.

తర్వాత అరఠావు కాగితాలు తీశారు. చెయ్యి వణుకుతోంది, నువ్వు రాసిపెట్టు అన్నారు. పాలకొల్లాయన అడ్రసు తెలుసా అని అడిగాను. "నలభై ఏళ్లుగా తెలుసు" అన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఏళ్ల తరబడి మనసులో దిద్దుకున్నట్టున్నారు, ఎక్కడా తడుముకోలేదు. "నువ్వు అర్జీకి ఏమైనా ఉందా అని అడిగిన రోజు నేను ఏమీ లేదన్నాను. ఉందనుకునే లేదన్నాను. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ ఉత్తరం చెల్లుతుందని ఇవాళ తెలిసింది. నేను నీకు చెప్పిన మాట మాత్రం చెల్లదు. నీ దగ్గర క్షమాపణ అడగడానికి నాకు ఏ అధికారమూ లేదు. అయినా అడుగుతున్నాను." అంతే. పైన తేదీ వేయించారు. విషయం అని రాయబోతే వద్దన్నారు.

ఆ ఉత్తరం నేనే పోస్టు చేశాను. జవాబు రాలేదు. పాలకొల్లాయన ఉన్నారో, పోయారో, ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో తెలీదు. అంకుల్ ఆ తర్వాత ఏడేళ్లు బతికారు. నేను ఆ ఇల్లు వదిలి, పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి, ఉద్యోగంలో చేరి, బ్లాక్‌టౌన్‌కి మారాక కూడా వెళ్లి చూసొచ్చేదాన్ని. దాని ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ఎడమ ట్రేలో ఆ గెజిట్ చీటీ మాత్రం మళ్లీ కనపడలేదు.

అయితే పోస్టు చేయకముందు, ఉత్తరం మడవబోతుంటే జరిగింది చెప్పాలి. ఆయన వణికే చేత్తోనే సంతకం పెట్టారు. పెట్టి, కాగితం నా వైపు తిప్పలేదు. వేలు కింద ఎడమ మూలకు జరిగింది. అక్కడ పెద్ద అక్షరాల్లో తన పొడి అక్షరాలు రాసి, గీత గీశారు. చెప్పింది ఆయన, రాసింది నేను. పద్ధతి ప్రకారం గీత అవతల ఉండాల్సినవి నా అక్షరాలు. నాకెందుకో గర్వంగా కూడా అనిపించింది. పెన్ను ఇస్తారని చెయ్యి చాచాను.

ఆయన ఇవ్వలేదు. గీత అవతల చిన్న అక్షరాల్లో కూడా తనవే రాసుకున్నారు.

"రాసింది నేను కదంకుల్?"

"నీ అక్షరాలు ఇందులో వద్దు తల్లీ," అన్నారు సిరా మీద ఊదుతూ. "రేపెప్పుడన్నా పిలిస్తే నన్నొక్కణ్నే పిలవాలి."